ఒబిటర్ డిక్టమ్: తీర్పులో ఉండి తీర్పు కాని మాట

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ఒక సివిల్ దావాలో మీ వకీలు సుప్రీంకోర్టు తీర్పులోని ఒక పేరాను సైటేషన్‌గా చూపితే, ఎదుటి పక్షం న్యాయవాది లేచి "అది ఒబిటర్ మాత్రమే, దానికి కట్టుబడాల్సిన పని లేదు" అన్నారు. ఆ మాటకు అసలు అర్థం ఏమిటి, అది ఎక్కడి నుంచి వచ్చింది, సుప్రీంకోర్టు రాసిన మాటను అలా పక్కన పెట్టవచ్చా అని అడిగారు. తీర్పులు చదవడం, వాటిని కోర్టుల ముందు చదివి వినిపించడం దాదాపు ముప్పై ఏళ్లుగా నా వృత్తి. కోర్టు హాళ్లలో రోజూ వినిపించే మాటల్లో ఇంతగా దుర్వినియోగమయ్యే మాట మరొకటి లేదని నా అభిప్రాయం కనుక కొంచెం వివరంగా రాస్తాను.

ఒక తీర్పులో న్యాయమూర్తి రాసిన ప్రతి వాక్యమూ తరువాతి కేసులను కట్టివేయదు. ఆ వివాదం తేలడానికి ఏ న్యాయసూత్రం ఆధారమైందో అదొక్కటే కట్టివేస్తుంది. మిగిలిన న్యాయపరమైన అభిప్రాయాలను, అవి ఎంత గొప్పవైనా, ఒబిటర్ డిక్టా అంటారు. వాటికి గౌరవం ఉంటుంది, కొన్నిసార్లు చాలా గౌరవం ఉంటుంది, కానీ వాటిని అనుసరించి తీరాలన్న నిర్బంధం ఉండదు. ఇది పాఠ్యపుస్తకాల్లో దొరికే సమాధానమే. అయితే ఆ గీత ఎక్కడ గీయాలి, ఎవరు గీయాలి అన్నది ఇంత సులువుగా తేలదు. మీ కేసులో జరిగిన వాదన కూడా నిజానికి ఆ గీత గురించే.

ముందు మాట పుట్టుక చూద్దాం. లాటిన్‌లో ఇటెర్ అంటే ప్రయాణం, దారి. దానికి ముందు ఓబ్ చేరితే ఓబిటెర్ అవుతుంది. దారిలో, దారిన పోతూ పోతూ అని అర్థం. డిక్టమ్ అంటే చెప్పినది, అంటే మాట. డిక్టా దానికి బహువచనం. మన దగ్గర ఒక్క వ్యాఖ్యను కూడా "ఒబిటర్ డిక్టా" అనడం అలవాటైపోయింది గానీ, ఒక్కటైతే డిక్టమ్, ఒకటికి మించితే డిక్టా. ఓబిటెర్ అన్నది మొదట న్యాయశాస్త్రపు మాట కాదు. రోమన్ కవి జువెనల్ ఒక ధనవంతుడి పల్లకిని వర్ణిస్తూ, జనం తోసుకుంటూ నడిచే వీధిలో ఆయన పల్లకిలో కూర్చుని దారి పొడవునా చదువుకుంటాడు, రాసుకుంటాడు, కిటికీ మూసుకుని నిద్రపోతాడు అంటాడు. ఆ "దారి పొడవునా" అన్నచోట ఉన్న లాటిన్ మాట ఓబిటెరే. ఇది శిష్టమైన లాటిన్ మాటేనా అన్న చర్చ కూడా ఆ కాలంలో నడిచింది. సాక్షాత్తూ హాడ్రియన్ చక్రవర్తి ఆ ప్రశ్న వేసినట్టు ఖారిసియస్ అనే వ్యాకరణకర్త నమోదు చేశాడు.

ఆ పల్లకి దృశ్యాన్ని ఊరికే చెప్పలేదు. పల్లకిలో ఆయన చదివిన చదువు నిజమైన చదువే, రాసిన ఉత్తరం నిజమైన ఉత్తరమే. కాకపోతే ఆయన బయలుదేరింది ఆ పని మీద కాదు. ఒబిటర్ డిక్టమ్ సరిగ్గా అలాంటిది. అందుకే దీన్ని తెలుగులో "మాటవరసకు అన్న మాట" అని వివరించేవారితో నేను ఏకీభవించలేను. మాటవరసకు అన్నాను అంటే మనసులో లేకుండా అన్నాను, పట్టించుకోకండి అని మన వాడుక. న్యాయమూర్తి ఒబిటర్‌గా రాసిన మాట మనసులో ఉన్నదే, ఆలోచించి రాసిందే. అది ఏ స్థానంలో ఉందన్న దాన్ని బట్టి ఒబిటర్ అయింది తప్ప బరువు తక్కువై కాదు.

నిఘంటువుల్లో, అనువాద తీర్పుల్లో కనిపించే "ప్రాసంగిక వ్యాఖ్య" అన్న అనువాదంలో మరో చిక్కు ఉంది. ప్రసంగవశాత్తు వచ్చినది అనే పాత సంస్కృతార్థంలో అది సరైన మాటే. కానీ ఇప్పటి తెలుగులో ప్రాసంగికత అంటే సందర్భానికి తగి ఉండటం, అవసరమై ఉండటం అనే అర్థం బలపడింది. ఆ అర్థంతో చదివే పాఠకుడికి ఈ అనువాదం అసలుకు పూర్తిగా వ్యతిరేకమైన భావాన్ని ఇస్తుంది. "ఆనుషంగిక వ్యాఖ్య" కొంత నయం. నేను క్లయింట్లకు చెప్పేటప్పుడు "తీర్పుకు అవసరం లేకుండా వచ్చిన అభిప్రాయం" అని విడమరిచి చెబుతాను. పొడవైనా పొరపాటుకు తావివ్వదు.

సంస్కృత శాస్త్రాల పరిచయం ఉన్నవారు ఇక్కడ వేదవాక్యాల అర్థాన్ని నిర్ణయించే మీమాంసకుల విధి, అర్థవాదాల విభజనను గుర్తు చేసుకోవచ్చు. సంపద కోరేవాడు వాయుదేవతకు యాగం చేయాలి అన్నది విధి. వాయువు అన్ని దేవతల కంటే వేగం గలవాడు అన్నది అర్థవాదం. మొదటిది ఆదేశిస్తుంది, రెండోది ఆదేశించదు. ఒకే గ్రంథంలోని వాక్యాలన్నిటికీ ఒకే బలం ఉండదని గుర్తించడం వరకు పోలిక చక్కగా కుదురుతుంది. కానీ అర్థవాదం పక్కనున్న విధిని బలపరచడానికే ఉంటుంది, దానితో కలిసి ఏకవాక్యమవుతుంది. ఒబిటర్ అలా కాదు. అది చాలాసార్లు తన పక్కనున్న నిర్ణయానికి సంబంధం లేని మరో దారి వైపు చూపిస్తుంది.

ఒబిటర్‌ను అర్థం చేసుకోవాలంటే దాని జోడీ మాటను కూడా చూడాలి. తీర్పులో కట్టివేసే భాగాన్ని రేషియో డిసిడెండై అంటారు. రేషియో అంటే ఇక్కడ కారణం, హేతువు. రెండో మాటకు మూలమైన లాటిన్ క్రియకు కోసివేయడం, తెగ్గొట్టడం అని అర్థం. మనం "తగవు తెగింది", "వ్యాజ్యం ఇంకా తెగలేదు" అంటామే, సరిగ్గా అదే ఊహ. కాబట్టి రేషియో అంటే తగవును తెగ్గొట్టిన హేతువు. ఆ కోతకు పనికివచ్చినదేదో రేషియో, రానిది ఒబిటర్.

ఈ విభజనను స్పష్టంగా చెప్పిన పాత తీర్పుల్లో అందరూ ఉదాహరించేది 1673 నాటి బోల్ వర్సెస్ హార్టన్. ఇంగ్లండ్‌లోని కామన్ ప్లీస్ కోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ వాన్ దాన్ని రాశారు. జ్యూరీ సభ్యులు తమ మనస్సాక్షి ప్రకారం ఇచ్చిన నిర్ణయానికి వారిని శిక్షించడం కుదరదని 1670లో బుషెల్ కేసులో చెప్పిన న్యాయమూర్తి ఈయనే. రికార్డులోకెక్కిన తీర్పుకు అవసరం కాని అభిప్రాయం, అంటే ఆ అభిప్రాయం చెప్పకపోయినా, దానికి విరుద్ధమైనది చెప్పినా అదే తీర్పు వచ్చి ఉండేదైతే, అది న్యాయస్థానపు అభిప్రాయమే కాదని, గ్రాటిస్ డిక్టమ్‌కు మించినది కాదని ఆయన అన్నారు. గ్రాటిస్ అంటే ఉచితంగా, అడగకుండా ఇచ్చినది. అంటే అప్పటికి మాట ఇంకా ఒబిటర్‌గా స్థిరపడలేదు గానీ, భావం మాత్రం పూర్తిగా ఏర్పడింది. ఈనాటికీ మనం వాడే పరీక్ష మొత్తం ఆ ఒక్క వాక్యంలోనే ఉంది.

అయితే ఈ తేడా ప్రాణావసరంగా మారింది తరువాతి కాలంలోనే. పూర్వ తీర్పు కేవలం ఒక మంచి ఉదాహరణ అయినంత కాలం, అందులో ఏ వాక్యం కట్టివేస్తుంది అన్న తర్జనభర్జనకు పెద్దగా అవసరం ఉండదు. నచ్చితే అనుసరిస్తారు, లేకపోతే లేదు. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో పరిస్థితి మారింది. 1865లో లా రిపోర్టింగ్ కౌన్సిల్ ఏర్పడి తీర్పులు క్రమబద్ధంగా, నమ్మదగిన రూపంలో అచ్చవడం మొదలైంది. 1898లో లండన్ స్ట్రీట్ ట్రామ్‌వేస్ కేసులో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్, న్యాయాంశంపై తానిచ్చిన తీర్పు తననే కట్టివేస్తుందని తేల్చింది. ఆ ముడిని 1966లో ఒక ప్రకటన ద్వారా తానే సడలించుకునేదాకా అదే నియమం. పూర్వ తీర్పు తప్పనిసరి అయ్యే కొద్దీ, అందులో తప్పనిసరి కాని భాగమేదో గుర్తించడం న్యాయవాదులకూ న్యాయమూర్తులకూ అంతే తప్పనిసరి అయింది. 1901లో క్విన్ వర్సెస్ లేథమ్‌లో లార్డ్ హాల్స్‌బరీ చెప్పిన మాట ఈ నేపథ్యంలోదే: ఒక కేసు తాను వాస్తవంగా నిర్ణయించిన దానికి మాత్రమే ఆధారం, అందులోంచి తర్కబద్ధంగా లాగగలిగిన వాటన్నిటికీ కాదు.

అవసరం లేని అభిప్రాయం ఎందుకు కట్టివేయకూడదు? దీనికి నాకు తెలిసినంతలో అత్యుత్తమమైన జవాబు 1821లో అమెరికా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ ఇచ్చారు. వాషింగ్టన్ నగరం కోసం కాంగ్రెస్ అనుమతించిన లాటరీ టికెట్లను వర్జీనియా రాష్ట్రంలో అమ్మినందుకు కోహెన్ సోదరులకు వంద డాలర్ల జరిమానా పడింది. వారు సుప్రీంకోర్టుకు వెళ్తే, ఈ కోర్టుకు ఇలాంటి అప్పీలు వినే అధికారమే లేదని వర్జీనియా వాదించింది. అందుకు ఆధారంగా చూపింది ఏమిటంటే, 1803లో మార్బరీ వర్సెస్ మాడిసన్ తీర్పులో స్వయంగా మార్షలే రాసిన వాక్యాలను. తన మాటలనే తన ముందు పెట్టినప్పుడు ఆయన ఇచ్చిన వివరణ సారాంశం ఇది: కోర్టు ముందున్న అసలు ప్రశ్నను జాగ్రత్తగా, అన్ని వైపుల నుంచీ పరిశీలిస్తారు, దాన్ని వివరించడానికి తెచ్చుకున్న ఇతర సూత్రాలను ఆ కేసుకు ఎంతవరకు అవసరమో అంతవరకే చూస్తారు, అవి మిగతా కేసులన్నిటి మీద ఎలాంటి ప్రభావం చూపుతాయో పూర్తిగా పరిశోధించడం చాలా అరుదు. అందుకే సాధారణ వాక్యాలను అవి రాసిన కేసుతో కలిపే చదవాలి.

వకాల్తా పుచ్చుకుని వాదించే వారికి ఈ కారణం అనుభవంలో ఉన్నదే. ఒక అంశంపై కేసు గెలుపోటములు ఆధారపడి ఉంటే ఇరువైపులా రాత్రింబవళ్లు చదివి వస్తారు, బలమైన అభ్యంతరాలన్నీ న్యాయమూర్తి ముందుకు వస్తాయి. ఆధారపడని అంశంపై ఎవరూ వాదించరు. ఎదురువాదన వినకుండా ఏర్పడిన అభిప్రాయం ఎంత పండితుడిదైనా ఒక చెవితో విన్నదే. వాదన జరగని అంశంపై భవిష్యత్తులో రాబోయే కక్షిదారులను కట్టివేయడం వారికి అన్యాయం.

రచయిత తన మాటను తానే సరిచేసిన ఉదాహరణ మన సుప్రీంకోర్టులోనూ ఉంది. 1973 నాటి కేశవానంద భారతి కేసులో పదముగ్గురు న్యాయమూర్తులు పదకొండు తీర్పులు రాశారు. రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చలేదన్న ఫలితం ఏడుగురికి ఆరుగురు అన్న తేడాతో వచ్చింది. మెజారిటీ అభిప్రాయం ఇదీ అని చెప్పే సారాంశపు కాగితంపై తొమ్మిది మందే సంతకం చేశారు. మెజారిటీని నిర్ణయించిన తీర్పు జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నాది. ఆయన రాసిన కొన్ని వాక్యాలను పట్టుకుని, ప్రాథమిక హక్కులేవీ రాజ్యాంగ మౌలిక స్వరూపంలో భాగం కావని ఆయన అన్నారన్న వాదన బయలుదేరింది. 1975లో ఇందిరాగాంధీ ఎన్నిక కేసులో ఆయనే, నా తీర్పును అలా చదవడం సరికాదని వివరించవలసి వచ్చింది. ఒక వాక్యాన్ని దాని చుట్టూ ఉన్న చర్చ నుంచి విడదీస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

ఇప్పుడు ఒక కేసును దగ్గరగా చూద్దాం, ఎందుకంటే రేషియో, ఒబిటర్ ఒకే తీర్పులో పక్కపక్కనే కనిపించే కేసు ఇది. లండన్‌లోని హై ట్రీస్ అనే ఫ్లాట్ల భవనాన్ని ఒక కంపెనీ 1937లో ఏడాదికి 2,500 పౌండ్ల అద్దెకు 99 ఏళ్ల లీజుకు తీసుకుంది. యుద్ధం వచ్చి జనం నగరం వదలడంతో ఫ్లాట్లు నిండలేదు. 1940 జనవరిలో యజమాని కంపెనీ అద్దెను సగానికి, అంటే 1,250 పౌండ్లకు తగ్గిస్తున్నట్టు ఉత్తరం రాసింది. ఆ తగ్గింపుకు ప్రతిఫలంగా కౌలుదారు కొత్తగా ఇచ్చిందేమీ లేదు కనుక, పాత ఒప్పంద న్యాయం ప్రకారం ఆ హామీకి బలం లేదు. 1945 మొదటికల్లా భవనం నిండిపోయింది. యజమాని కంపెనీ వ్యవహారాలు చూస్తున్న రిసీవర్ పూర్తి అద్దె కావాలన్నారు. దావా మాత్రం 1945లోని చివరి రెండు త్రైమాసికాల అద్దె కోసమే వేశారు.

జస్టిస్ డెన్నింగ్ ముందున్న ప్రశ్నకు జవాబు చిన్నది. తగ్గింపు యుద్ధకాలపు ఖాళీ ఫ్లాట్ల పరిస్థితి ఉన్నంత వరకే ఉద్దేశించినది. ఆ పరిస్థితి 1945 మొదట్లోనే పోయింది. కాబట్టి ఆ రెండు త్రైమాసికాలకు పూర్తి అద్దె చెల్లించాలి. తగవు అక్కడితో తెగింది. కానీ ఆయన అక్కడ ఆగలేదు. ఒకవేళ 1940 నుంచి 1945 వరకు తగ్గించిన మొత్తాన్ని కూడా అడిగి ఉంటే, అవతలివారు నమ్మి నడుచుకున్న హామీ నుంచి యజమాని వెనక్కు వెళ్లడాన్ని న్యాయస్థానం ఒప్పుకునేది కాదని అన్నారు. ఎవరూ అడగని డబ్బు గురించిన మాట అది. ఆ మాట లేకపోయినా, దానికి విరుద్ధంగా రాసినా, ఫలితంలో ఒక్క పౌండు కూడా తేడా ఉండేది కాదు. అంటే 1673 నాటి కొలమానం ప్రకారం నూటికి నూరుపాళ్లు ఒబిటర్.

1947 నాటి లా రిపోర్టుల్లో అచ్చయిన ఈ తీర్పు నుంచి ఈనాడు ఎవరికైనా గుర్తున్నది ఆ ఒబిటరే. అద్దె గురించిన అసలు నిర్ణయం విద్యార్థులకు కూడా గుర్తుండదు. అవతలివారు నమ్మిన హామీ నుంచి వెనక్కు వెళ్లనివ్వని ప్రామిసరీ ఎస్టాపెల్ అనే సిద్ధాంతం ఆధునిక రూపంలో దాని నుంచే ఎదిగింది. 1951లో కూంబ్ కేసులో డెన్నింగ్ సభ్యుడిగా ఉన్న అప్పీలు కోర్టు, ఈ సూత్రం, అంతకుముందు లేని దావా హక్కును కొత్తగా సృష్టించదని దానికి హద్దు గీసింది. మన సుప్రీంకోర్టు 1978లో మోతీలాల్ పదంపత్ షుగర్ మిల్స్ కేసులో దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లింది. వనస్పతి ఫ్యాక్టరీకి మూడేళ్ల అమ్మకం పన్ను మినహాయింపు ఇస్తామని చెప్పి వెనక్కు వెళ్లిన ఉత్తరప్రదేశ్ ప్రభుత్వాన్ని ఆ హామీకి కట్టివేసింది. "ఒబిటర్ మాత్రమే" అనే మాటలో ఆ "మాత్రమే" ఎంత జాగ్రత్తగా వాడాలో దీన్ని బట్టి తెలుస్తుంది. కట్టివేయకపోవడం వేరు, విలువ లేకపోవడం వేరు. తరువాతి కోర్టు ఒక ఒబిటర్‌ను పరిశీలించి, వాదనలు విని, తన తీర్పుకు ఆధారం చేసుకున్న రోజున అదే సూత్రం రేషియోగా మారుతుంది.

ఇక పరీక్ష సంగతి. 19వ శతాబ్దం చివర్లో హార్వర్డ్ ఆచార్యుడు యూజీన్ వాంబా ఒక పద్ధతి చెప్పారు. మీరు రేషియో అనుకుంటున్న వాక్యాన్ని తలకిందులు చేసి చదవండి. అయినా ఫలితం మారకపోతే అది రేషియో కాదు. వాన్ చెప్పినదానికే ఇది పద్ధతిగా మలిచిన రూపం. దీని విలువ నాకు పుస్తకంలో కాక కోర్టు హాల్లో తెలిసింది. జూనియర్‌గా ఉన్న రోజుల్లో ఒక అప్పీలులో పూర్వ తీర్పులోని చక్కటి పేరా ఒకటి దొరికిందన్న ఉత్సాహంతో గట్టిగా చదివి వినిపించాను. న్యాయమూర్తి పూర్తిగా విని, "ఆ పేరా కొట్టేసి చదవండి, ఆ అప్పీలుదారు ఓడిపోయేవాడా?" అని అడిగారు. పేజీలు వెనక్కీ ముందుకూ తిప్పాను. ఆ అప్పీలు కాలపరిమితి దాటిందన్న కారణంతోనే కొట్టివేశారని, నేను చదివిన పేరా ఆ తరువాత "అయినప్పటికీ" అని మొదలైందని అప్పుడు గమనించాను. ఆనాటి నుంచి ఏ తీర్పు చదివినా ఫలితాన్ని ముందు చూసి, దాన్ని ఏది మోస్తున్నదో వెనక్కు వెతుక్కుంటూ వస్తాను.

కానీ ఈ పరీక్షకు ఒక లోపం ఉంది. న్యాయమూర్తి ఒకే ఫలితానికి రెండు స్వతంత్ర కారణాలు ఇచ్చినప్పుడు, ఏ ఒక్కదాన్ని తలకిందులు చేసినా రెండోది ఫలితాన్ని నిలబెడుతుంది. అప్పుడు రెండూ ఒబిటరే అని తేలుతుంది, ఇది అర్థం లేని సంగతి. 1950లో జేకబ్స్ కేసులో లార్డ్ సైమండ్స్ దీన్ని పరిష్కరించారు. న్యాయమూర్తి తన నిర్ణయానికి కారణంగా ఇచ్చినదాన్ని, మరో కారణం కూడా ఇచ్చారన్న సాకుతో ఒబిటర్ అనడం కుదరదని అన్నారు. మీ ఎదుటి న్యాయవాది వాదన ఇలాంటి రెండో కారణం మీదనైతే, మీ జవాబు ఇదే. నేను చదివి వినిపించిన ఆ "అయినప్పటికీ" పేరాలో న్యాయమూర్తి ఆ అంశాన్ని ఫలితానికి మరో కారణంగా చూపలేదు, కేవలం తన అభిప్రాయం చెప్పి వదిలేశారు. ఆ తేడా సన్నగా ఉన్నా నిజమైనది.

మరో సంగతి చాలామంది గమనించరు. "ఇది నా రేషియో, ఇది నా ఒబిటర్" అని తీర్పు రాసే న్యాయమూర్తి గీత గీసి ఇవ్వరు. ఇచ్చినా అది చివరి మాట కాదు. తరువాతి కేసులో ఆ తీర్పును చదివే న్యాయమూర్తే ఆ గీత గీస్తారు. అందుకే ఒకే పేరా పదేళ్ల పాటు రేషియోగా చెలామణీ అయి ఆ తరువాత ఒబిటర్‌గా తేలవచ్చు. ఇది వ్యవస్థలోని అస్థిరత అని కొందరు అంటారు. నేను అలా అనుకోను. ఒక న్యాయమూర్తి తాను వినని కేసులకు ముందుగానే శాసనం చేయకుండా ఆపే కట్టడి ఇది.

భారతదేశంలో దీనికి రాజ్యాంగపరమైన మెలిక ఒకటి ఉంది. 141వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు ప్రకటించిన న్యాయం దేశంలోని కోర్టులన్నిటినీ కట్టివేస్తుంది. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం 212వ సెక్షన్‌లో ఫెడరల్ కోర్టు, ప్రివీ కౌన్సిల్ ప్రకటించిన న్యాయానికి ఇలాంటి స్థానమే ఉండేది. అధికరణంలో ఉన్నది "నిర్ణయించిన" కాదు, "ప్రకటించిన". మరి అవసరం లేకుండా ప్రకటించినది కూడా ప్రకటించినట్టేనా? బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లా, 1955 నాటి లా రిపోర్టుల్లో ఉన్న మోహన్‌దాస్ ఇస్సర్‌దాస్ కేసులో దీనికి ఇచ్చిన జవాబు ఈనాటికీ ఉపయోగపడుతుంది. ఒక అంశం కేసులో విచారణకు వచ్చి, దానిపై సుప్రీంకోర్టు అభిప్రాయం చెప్పి, చివరికి ఫలితానికి ఆ అభిప్రాయం అవసరం పడకపోతే అది ఒబిటరే అయినా హైకోర్టులు దానికి కట్టుబడతాయి. అసలు విచారణకే రాని అంశంపై దొర్లిన వాక్యానికి ఆ స్థానం లేదు. సుప్రీంకోర్టు తన మాటగా 1995లో సర్వన్ సింగ్ లాంబా కేసులో, సాధారణంగా తన ఒబిటర్‌ను కూడా పాటిస్తారనే ఆశిస్తామని చెప్పింది.

దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. ఒరిస్సా ప్రభుత్వం, సుధాంశు శేఖర్ మిశ్రా కేసులో 1967లో సుప్రీంకోర్టు హాల్స్‌బరీ మాటనే ఆశ్రయించి, తీర్పులోంచి అక్కడో వాక్యం ఇక్కడో వాక్యం ఏరుకుని దాని మీద భవనం కట్టవద్దని హెచ్చరించింది. 1988లో ఢిల్లీ నగరపాలక సంస్థ కేసులో, పేవ్‌మెంట్‌పై వ్యాపారానికి సంబంధించి అంతకుముందు ఉభయుల అంగీకారంతో, చట్ట నిబంధనల చర్చ లేకుండా ఇచ్చిన ఆదేశాన్ని పూర్వ తీర్పుగా వాడుకోవడాన్ని తిరస్కరించింది. కట్టివేసేది కేసు నిర్ణయానికి ఆధారమైన సూత్రమేనని, మిగిలినవి ఒబిటర్ అని అక్కడ స్పష్టంగా చెప్పింది. ఈ తీర్పులు పైకి విరుద్ధంగా కనిపించినా, చాగ్లా గీసిన గీతను మనసులో పెట్టుకుని చదివితే చాలావరకు సర్దుకుంటాయి.

ఒబిటర్ స్థాయికి కూడా రాని మాటలు కొన్ని ఉన్నాయి. విచారణ జరుగుతుండగా న్యాయమూర్తులు నోటితో అనే మాటలు "కీలక వ్యాఖ్యలు" అనే శీర్షికతో వార్తల్లో వస్తాయి, చదివినవారు తీర్పు వచ్చేసిందనుకుంటారు. 2021లో మద్రాస్ హైకోర్టు ఎన్నికల సంఘాన్ని ఉద్దేశించి మౌఖికంగా చేసిన తీవ్ర వ్యాఖ్యలను తొలగించాలని ఆ సంఘం సుప్రీంకోర్టును ఆశ్రయిస్తే, అవి న్యాయ రికార్డులో భాగమే కావని, లేనిదాన్ని తొలగించే ప్రశ్న ఉండదని కోర్టు చెప్పింది. హెడ్‌నోట్ కూడా అంతే. అది లా రిపోర్టు సంపాదకులు రాసే సంగ్రహం, న్యాయమూర్తి మాట కాదు. ఇక, తీర్పులో ఒక వ్యక్తి లేదా సంస్థ మీద చేసే కఠిన వ్యాఖ్యల విషయంలోనూ ఇదే "అవసరం" అనే కొలమానం పనిచేస్తుంది. అలహాబాద్ హైకోర్టు న్యాయమూర్తి ఆనంద్ నారాయణ్ ముల్లా, ఆయన ఉర్దూ కవి కూడా, పోలీసు వ్యవస్థ మొత్తం మీద చేసిన వ్యాఖ్యలను 1963లో సుప్రీంకోర్టు తొలగించింది. తమ మాట చెప్పుకునే అవకాశం వారికిచ్చారా, రికార్డులో ఆధారం ఉందా, కేసు నిర్ణయానికి ఆ వ్యాఖ్య అవసరమా అన్న మూడు ప్రశ్నలు ఆ తీర్పులోనివే.

మీ పేరాకు వస్తే, ముందుగా హెడ్‌నోట్ పక్కన పెట్టి పూర్తి తీర్పు తెప్పించుకుని చదవండి. కోర్టు విచారణకు తీసుకున్న అంశాల్లో మీ అంశం ఉందా, ఇరుపక్షాల వాదనలు నమోదు చేసినచోట దానిపై ఎవరైనా మాట్లాడారా అన్నది చూడండి. ఉంటే, అది ఫలితాన్ని మోసినా మోయకపోయినా, మీ దావా నడుస్తున్న కింది కోర్టు దాన్ని తేలిగ్గా తోసిపుచ్చడం కష్టం. లాంబా, చాగ్లా తీర్పులు మీ వైపు ఉంటాయి. లేకపోతే ఎదుటి న్యాయవాది మాటలో బలముందని ఒప్పుకుని, ఆ పేరాను ఆధారంగా కాక, ఒప్పించే తార్కిక వాదనగా వాడమని మీ వకీలుతో చెప్పండి. ఆ తరువాత వచ్చిన తీర్పుల్లో ఎవరైనా ఆ పేరాను తమ నిర్ణయానికి ఆధారం చేసుకున్నారేమో కూడా తప్పక వెతకండి. అలా ఒక్క తీర్పు దొరికినా, ఈ పేరా రేషియోనా ఒబిటరా అన్న వాదనలోకి దిగకుండా నేరుగా ఆ తరువాతి తీర్పునే కోర్టు ముందు పెట్టవచ్చు.